దళారిని దగ్గరికి రానివ్వని బావగారు

మా బావగారికి దళారులంటే గిట్టదు. ఆ సంగతి ఆయనే చెబుతారు. పెళ్లిళ్లలో చెబుతారు, తద్దినాల్లో చెబుతారు, రైల్లో ఎదుటి సీటువాడు అడక్కపోయినా చెబుతారు. కుర్రతనంలో డ్రైవింగ్ లైసెన్సు కోసం రవాణా ఆఫీసు ముందు రోజంతా ఎండలో నిలబడ్డారట గానీ, చెట్టుకింద బల్ల వేసుకుని కూర్చున్న ఏజెంటు చేతిలో ఒక్క రూపాయి పెట్టలేదట. ఇల్లు రిజిస్ట్రేషన్ చేయించుకున్న రోజున దస్తావేజు లేఖరి రాసిన కాగితాల్లో తప్పులు తనే దిద్దిపెట్టి, తప్పుకింతని లెక్కగట్టి, అతనికివ్వాల్సిన దాంట్లోంచి కోసేశారట.

చేసింది బ్యాంకు ఉద్యోగం. సంతకంలో ఒక కొమ్ము పొట్టిగా ఉన్నా, తేదీ వేరే సిరాతో ఉన్నా చెక్కు వెనక్కి వెళ్లాల్సిందే. ఒకసారి మా నాన్నగారి చెక్కే వెనక్కి పంపారు. పిల్లనిచ్చిన మామగారి చెక్కు! ఆ సంగతి మా ఇంట్లో ఎవరూ మరిచిపోలేదు. నేనిది రాస్తూ ఉండటానికి అది కూడా ఒక కారణమేమో.

అంతటి మనిషి రిటైరయ్యారు, చేతికి స్మార్ట్‌ఫోన్ వచ్చింది. ఇక దళారి నీడ కూడా పడని స్వర్గం దొరికినట్టే అనుకున్నారు. ఏ కాగితం కావాలన్నా గూగుల్‌లో కొట్టడం, మొదట వచ్చినదాన్ని నొక్కడం. దాని నెత్తిన చిన్న అక్షరాల్లో 'స్పాన్సర్డ్' అని ఉంటుంది కదా, ప్రకటన అని దాని అర్థం. బావగారి దృష్టిలో అదొక బిరుదు. "ఎవరో స్పాన్సర్ చేస్తున్నారంటే పెద్ద సంస్థే అయ్యుంటుందోయ్!"

డల్లాస్‌లో ఉన్న మా మేనకోడలికి నెలలు నిండుతున్నాయి. అక్కా బావగారూ పురుడు పోయడానికి వెళ్లాలి, ఇద్దరికీ పాస్‌పోర్టులు లేవు. నేను అప్లై చేసి పెడతానంటే బావగారికి పౌరుషం వచ్చింది. ఆయనకు దొరికిన సైటు పేరులో 'పాస్‌పోర్ట్' ఉంది, 'ఇండియా' ఉంది, 'సేవ' కూడా ఉంది. పైన మూడు సింహాలు. పక్కన ఒక గడియారం సెకన్లు తగ్గించుకుంటూ వస్తోంది, కింద 'ఈ రోజుకు రెండు స్లాట్లే మిగిలాయి' అన్న వాక్యం ఎర్రగా వెలిగి ఆరుతోంది. మనిషికి 2,999 రూపాయలు. బావగారు రోజూ పొద్దున్నే ఫ్యామిలీ గ్రూపులో 'ఓటీపీ ఎవరికీ చెప్పకండి' అని మెసేజి పెడుతుంటారు. ఆ మాట తప్పలేదు కూడా. ఎవరికీ చెప్పలేదు, ఆయనే టైపు చేశారు. కనపడని నాలుగో సింహం ఎవరో డబ్బు కట్టాక తెలిసింది.

మూడో రోజున మెయిలొచ్చింది. 'మీ ఫారం నింపడమైనది. ఇక ప్రభుత్వ రుసుము చెల్లించి అపాయింట్‌మెంటు తీసుకోగలరు.' అంటే అంతవరకూ కట్టిందంతా ఫారం నింపినందుకే. మామూలు 36 పేజీల పాస్‌పోర్టుకు రుసుము 1,500. అరవై దాటినవాళ్లు కొత్తగా తీసుకుంటే అందులో పదిశాతం తగ్గింపు. బావగారు ఆ తగ్గింపుకి మురిసిపోయారు. తనకు 150 మిగిలిందని ఊరంతా చెప్పుకున్నారు. 2,999 ప్రస్తావన ఎక్కడా రాలేదు.

ఆ నింపిన ఫారమైనా సవ్యంగా ఉందా! మన ఇంటిపేర్లు ముందుంటాయని ఆ నింపినవాడికి తెలియదు. బావగారి ఇంటిపేరు పేరైంది, పేరు ఇంటిపేరైంది, అక్క ఇంటిపేరు గల్లంతయింది. పాస్‌పోర్ట్ సేవా కేంద్రంలో కౌంటరు దగ్గరున్న అమ్మాయి నవ్వుకుంటూ సరిచేసింది. పైసా అడగలేదు. బయటికొచ్చాక బావగారు, "చూశావా, మన ఫారం ఎంత పక్కాగా ఉందో! మొత్తంలో ఒక్క తప్పే దొరికింది," అన్నారు.

అసలైన పాస్‌పోర్ట్ సైటులో, ఇలాంటి నకిలీలున్నాయి జాగ్రత్త అంటూ విదేశాంగశాఖ అరడజను పేర్లు ప్రకటించింది. మంచి పనే. కాకపోతే ఆ హెచ్చరిక చదవాలంటే ముందు సరైన సైటుకే వెళ్లాలి. బావగారు అక్కడిదాకా వెళితే కదా!

అంతకుముందు అక్క పచ్చళ్ల వ్యాపారం మొదలుపెట్టినప్పుడూ ఇదే జరిగింది. చిన్న వ్యాపారాలకు ఉద్యమ్ రిజిస్ట్రేషన్ అని ఉంది. 2020 జూలై నుంచి నడుస్తోంది. ఆధార్, పాన్ ఉంటే ఇంట్లో కూర్చుని చేసుకోవచ్చు, రుసుము లేదు, రెన్యువల్ అన్నదే లేదు. ఆ ముక్క ప్రభుత్వ సైటులోనే రాసి పెట్టారు. బావగారు 2,499 కట్టారు. మరుసటి ఏడాది ఒకమ్మాయి ఫోన్ చేసి, "సార్, మీ సర్టిఫికెట్ ఎక్స్‌పైర్ అవుతోంది," అంటే రెన్యువల్‌కీ కట్టారు. ఆ డబ్బుకి పది కిలోల గుంటూరు కారం వచ్చేదని అక్క లబోదిబోమంది. ఉచితంగా వచ్చేదానికి డబ్బెందుకు కట్టారని నేను నిలదీశాను.

"ఉచితమా? గవర్నమెంటా?" అని అదోలా చూశారు. "ఊరికే ఇచ్చేదానికి దిక్కూ మొక్కూ ఉండదోయ్. డబ్బు కట్టి రసీదు పుచ్చుకుంటేనే రేపు అడగడానికి మనకో హక్కుంటుంది."

"అయితే అడగండి మరి," అన్నాను. అడిగారు. ఫోను మోగింది, పాట వచ్చింది, పాట అయిపోయింది.

ఇక్కడ పాత ఏజెంటుకి న్యాయం చెయ్యాలి. చెట్టుకింద బల్ల వేసుకున్న ఆ మనిషికి ఒక ముఖం ఉండేది, పక్కనే టీకొట్టులో ఖాతా ఉండేది. 'గవర్నమెంటు ఫీజు ఇంత, నాది ఇంత' అని విడదీసి చెప్పేవాడు. పని కాకపోతే మర్నాడు అదే చెట్టుకింద చొక్కా పట్టుకోవచ్చు. ఫోన్లో కూర్చున్న ఈయన రెండు లెక్కలూ కలిపేసి, తన వాటాకి కూడా ప్రభుత్వం రంగు పూస్తాడు. నిజానికి ఫారం నింపి డబ్బు తీసుకోవడం నేరమేమీ కాదు, మీసేవ పక్కన జిరాక్స్ షాపువాడు చేసేదీ అదే. ప్రభుత్వమే అన్నట్టు కనపడటం దగ్గరే వస్తుంది పేచీ. రాజ్యచిహ్నాన్ని ఎవరు పడితే వారు వాడకూడదని 2005లో చట్టం వచ్చింది. లేని తొందర పుట్టించి డబ్బు కట్టించుకోవడం లాంటి పదమూడు రకాల టక్కులను నిషేధిస్తూ 2023 నవంబరులో కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చింది. ఆ తగ్గిపోయే గడియారం అందులోకే వస్తుంది.

అలాగని బావగారిని వదలను. ఆ పేజీ అట్టడుగున బూడిదరంగులో, చీమ తలకాయంత అక్షరాల్లో 'మాది ప్రైవేటు కన్సల్టెన్సీ, ప్రభుత్వంతో సంబంధం లేదు' అని ఉంది. దాని పక్కన గడిలో ఒప్పుకుంటున్నానని టిక్కు పెట్టింది ఎవరు? సంతకంలో కొమ్ము పొట్టయిందని మామగారి చెక్కు వెనక్కి పంపిన మనిషి! మామూలువాళ్లు చదవలేదంటే పోనీలే అనుకోవచ్చు. జీవితమంతా చిన్న అక్షరాలు చదివి, ఎదుటివాళ్ల చేత చదివించి జీతం పుచ్చుకున్నాయన చదవలేదంటే ఊరుకునేదెలా? వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది, ఫిర్యాదు పెడదాం అన్నాను. సైబర్ మోసమనిపిస్తే 1930కి వెంటనే చెప్పాలన్నాను. ఆయన ఒప్పుకోలేదు. "మోసమేముంది? ఫీజు కట్టాం, ఫారం నింపాడు," అన్నారు. మోసపోయానని కాగితం మీద పెడితే బ్యాంకు పరువు పోతుందని ఆయన బెంగ. బ్యాంకు ఆయన్ని వదిలేసి చాలా ఏళ్లయినా ఆయన దాన్ని వదల్లేదు.

కోపం వస్తుంది గానీ ఎంతోసేపు నిలవదు. అపార్ట్‌మెంటు వాచ్‌మన్ కొడుక్కి ఉద్యోగంలో చేరడానికి పాన్ కార్డు కావాల్సొస్తే, బావగారు తన పింఛనులోంచి ఏదో సైటుకు 799 కట్టి తెప్పించారు. ఆధార్ ఉంటే ఆదాయపన్ను శాఖ సైటులో ఈ-పాన్ ఉచితంగా వస్తుందని నేను చెప్పబోయాను. ఆ కుర్రాడు అప్పుడే వచ్చి ఆయన కాళ్లకు దండం పెట్టాడు. మింగేసి ఊరుకున్నాను.

చివరికొకరోజు కూర్చోబెట్టి పాఠం చెప్పాను. సైటు పేరులో ఏమేం ఉన్నాయని కాదు, ఎలా ముగుస్తుందో చూడాలి, 'గవ్ డాట్ ఇన్' అని ముగిస్తే మన ప్రభుత్వానిది అన్నాను. చక్కగా రాసుకున్నారు. రాసుకుని, "మరి మొన్న పాన్ కార్డులకు రెండు సంస్థలున్నాయని చెప్పావు కదా, వాటి సైట్లు అలా లేవే? అవి అసలువే అన్నావుగా?" అని అడిగారు. నిజమే, లేవు. ప్రభుత్వం అధికారమిచ్చిన సంస్థలు కొన్ని మామూలు పేర్లతోనే ఉంటాయి, వాటికి శాఖ సొంత సైటులోంచి దారి వెతుక్కుని వెళ్లాలి అని చెబుతుంటే, ఎదురుగా నిలబడ్డ ఖాతాదారుణ్ణి చూసినట్టు కళ్లజోడు మీదుగా నన్ను చూశారు. ఆ చూపు మా నాన్నగారు కూడా చూసే ఉంటారు.

అయినా పాఠం బుర్రకెక్కింది. నిన్న అమెరికా వీసా పనిలో ఉండగా ఫోన్ చేశారు. వీసా రుసుము 185 డాలర్లు ఎలాగూ ఉంది గానీ, డీఎస్-160 ఫారం నింపడానికి పైసా అక్కర్లేదు. నేను పంపిన లింకు అమెరికా విదేశాంగశాఖదే.

"ఏమోయ్, నువ్వు పంపింది దొంగ సైటోయ్! చివర 'ఇన్' లేదు."

"బావగారూ, అది అమెరికా ప్రభుత్వం. వాళ్లకి 'ఇన్' ఎందుకుంటుంది?"

"మనం అప్లై చేసేది ఇండియాలోంచే కదా? పైగా ఫారానికి డబ్బులొద్దంటున్నాడు, అక్కడే దొరికిపోయాడు. నాకింకోటి దొరికిందిలే. చివర శుభ్రంగా 'ఇన్' ఉంది, మనిషికి నాలుగు వేలు కట్టమంటున్నాడు. ఓటీపీ కూడా వచ్చేసింది, ఉండు..."

వెనకనుంచి అక్క గొంతు వినిపించింది: "ఒరేయ్ తమ్ముడూ, నువ్వాయన్ని మాటల్లో పెట్టు, నేను ఫోను లాక్కుంటా!"