బొంకుల దిబ్బ మీద కొత్త తెర

కన్యాశుల్కం నాటకానికి తెర లేచేసరికి గిరీశం విజయనగరం బొంకుల దిబ్బ మీద నిలబడి ఉంటాడు. పూటకూళ్లమ్మతో పేచీ, ఫొటోగ్రాఫు పంతులికి బాకీ, ఊళ్లోంచి ఉడాయించే ఆలోచన, వీటన్నిటి మీదా కప్పిన ఇంగ్లీషు దుప్పటి. గురజాడ నాటకాన్ని మొదటిసారి ఆడింది 1892లో. ఆ గిరీశమే ఇవాళ పుట్టి ఉంటే ఏదో ఒక సాఫ్ట్‌వేరు సంస్థలో హాయిగా కుదురుకునేవాడు. చుట్ట కాల్చడం నేర్పి, అదే చదువని శిష్యుడు వెంకటేశాన్ని నమ్మించినవాడికి, సగం ఉడికిన సరుకు జనం విస్తట్లో వడ్డించి దాన్ని బీటా టెస్టింగ్ అని నమ్మించడం ఏపాటి విద్య?

విడుదలకు ముందు సరుకుని బయటివాళ్ల చేత వాడించి చూడటం మంచి పద్ధతే. పలాసలో జీడిపప్పుకీ అలాంటి తతంగం ఉంది. పౌనుకి 180 పలుకులు తూగేది ఒక రకం, 240 తూగేది ఒక రకం, 320 తూగేది ఇంకో రకం. బద్దలు వేరు, ముక్కలు వేరు. ఆడవాళ్లు కూర్చుని కంటితో చూసి, చేత్తో ఏరి పోస్తారు. బద్దల్ని 240 డబ్బాలో నింపేసి "మీరే ఏరుకోండి, ఎన్ని బద్దలొచ్చాయో మాకు ఇంగ్లీషులో ఉత్తరం రాయండి" అని ఏ షావుకారైనా అంటే, ఆ సరుకు పక్కనున్న కాశీబుగ్గ కూడా దాటదు. యూనిక్స్ జాతి ఆపరేటింగ్ సిస్టమ్‌ల తెర వెనక మాత్రం ఇరవై ముప్ఫయ్యేళ్లుగా నడుస్తున్న బేరం అదే.

తెర మీద కిటికీలు గీసి, మౌసు కదలికల్నీ కీబోర్డు నొక్కుళ్లనీ ప్రోగ్రాములకి చేరవేసే పెద్దమనిషి పేరు డిస్‌ప్లే సర్వరు. ఈ కుటుంబంలో తాతగారు ఎక్స్. పుట్టింది 1984లో, అమెరికాలోని ఎంఐటీలో. పదకొండో అవతారం 1987లో వచ్చింది. ఇప్పటికీ ఎక్స్11 అనే పిలుస్తారు. మామూలు పీసీల మీదికి దాన్ని దించినది 1992లో మొదలైన ఎక్స్‌ఫ్రీ86 ప్రాజెక్టు. ఆ రోజుల్లో లైనక్స్ వేసుకున్నవాళ్లు మానిటరు అడ్డంగా ఎంత వేగంతో గీస్తుందో, నిలువుగా ఎంత వేగంతో గీస్తుందో అంకెలు వెతికి, ఒక ఫైల్లో చేత్తో రాసుకోవాలి. అంకె తప్పితే మానిటరు పాడవ్వొచ్చని సూచనల్లోనే రాసి ఉండేది. అప్పట్లో అదొక నిజాయితీ అనే చెప్పాలి. మా సరుకు మీ సామాను తగలెట్టొచ్చు అని ముందే చెప్పిన పరీక్ష చరిత్రలో ఇంకొకటి ఉందో లేదో!

తరవాతి తరం అంత బోళాగా లేదు.

ఎక్స్‌కి వయసు మీద పడిందన్నది నిజం. పది వాటాలున్న ఇంటికి ఒకటే వరండా అన్నట్టు ఉంటుంది దాని కాపురం. ఒక ప్రోగ్రాములో టైపు చేసే పాస్‌వర్డుని పక్క ప్రోగ్రాము తాపీగా వినొచ్చు. ఇది కూలగొట్టి కొత్తది కట్టాలని 2008లో క్రిస్టియన్ హోగ్స్‌బర్గ్ అనే ఇంజనీరు వేలాండ్ మొదలుపెట్టాడు. ఆ పేరు మసాచుసెట్స్‌లో ఒక ఊరిది. 1.0 వెర్షను 2012 అక్టోబరులో వచ్చింది. ఆ తరవాత ఏటా ఒకటే దండోరా: వేలాండ్ సిద్ధం, వేలాండ్ సిద్ధం. ఫెడోరా అనే లైనక్స్ రకం 2016 నవంబరులో దాన్ని ముందు గదిలో కూర్చోబెట్టింది. ఇంకో లైనక్స్ రకం ఉబుంటు కథ ఇంకా రంజుగా ఉంటుంది. ముందు 2013 మార్చిలో వేలాండ్ వద్దంటూ మిర్ అనే సొంత కుంపటి వెలిగించింది. దాన్ని నమ్ముకున్న యూనిటీ 8 డెస్క్‌టాప్‌ని 2017 ఏప్రిల్లో అటకెక్కించింది. అదే ఏడాది అక్టోబరులో 17.10 విడుదల చేసి, అందులో వేలాండ్‌నే పీట మీద కూర్చోబెట్టింది. ఆరు నెలలు తిరక్కుండా 18.04లో తాతగారిని మళ్లీ పిలిచింది. ఎందుకంటే 18.04 ఏళ్ల తరబడి నిలవాల్సిన సరుకు, 17.10 ఆయుష్షు తొమ్మిది నెలలే. వేలాండ్ మళ్లీ పీట ఎక్కింది 21.04లో. 22.04కి వచ్చేసరికి ఎన్‌విడియా కార్డులవాళ్లను విడుదల ముంగిట మళ్లీ పాతదానికి మళ్లించారు.

ఇంతకీ 17.10 వాడినవాళ్లు ఎవరు? విడుదలైన సరుకే అనుకుని వేసుకున్నారు. పెట్టె మీద బీటా అని ఎక్కడా లేదు. పెళ్లికొచ్చిన చుట్టాలనుకున్నారు గానీ, కూరలో ఉప్పు సరిపోయిందో లేదో చూడ్డానికి పిలిచారని విస్తరి ఎత్తేశాక తెలిసింది.

విజయనగరం పైడితల్లమ్మ సిరిమాను సంబరంలో చింతమాను చివర పూజారి కూర్చుంటాడు. కోట దాకా మూడుసార్లు తిప్పుతారు. మాను ఎంపిక, కొలత, తాళ్లు, ఇరుసు, అన్నీ పండగకి ముందే చూసుకుంటారు. "ఎక్కండి బాబూ, ఊగితే చెప్పండి, వచ్చే ఏడాది మేకు కొడతాం" అని పూజారితో ఎవరూ అనరు. సాఫ్ట్‌వేరులో పైన కూర్చునేది వాడకందారు, కింద తాళ్లు పట్టుకున్నవాళ్లు మాత్రం తలెత్తి "మాకు ఇక్కణ్ణించి బాగానే కనపడుతోందే" అంటారు.

వేలాండ్ వరండా మూసేసి వాటాకో గోడ కట్టింది. గోడలు లేచాక గుమ్మాలు పెట్టలేదని గుర్తొచ్చింది. స్క్రీన్‌షాట్ తీసే పాత పనిముట్లు ఆగిపోయాయి. ఆన్‌లైన్ క్లాసులో పంతులు తెర పంచుకుంటే పిల్లలకి నల్ల పలక కనిపించేది; బోర్డు మీద రాసే రోజులు తిరిగొచ్చాయని ముచ్చట పడ్డానికి సుద్దముక్క లేదు. అప్పుడు గోడలకి రంధ్రాలు తవ్వి, వాటికి పోర్టల్ అని పేరు పెట్టారు. పోర్టల్ అంటే ద్వారమే. ఇల్లు కట్టాక ద్వారం కొట్టి, దాన్ని కొత్త సదుపాయంగా విడుదల పత్రంలో రాసుకున్నారు.

తెలుగు టైపు చేసేవాడి పాట్లు ఈ లెక్కలో లేవు. క్రోమియం జాతి బ్రౌజరు నేరుగా వేలాండ్ మీద నడిస్తే, ఐబస్ లాంటి కీబోర్డు సాధనంతో తెలుగు రాయడానికి చాలాకాలం ఒక రహస్య మంత్రం జపించాల్సి వచ్చింది. బ్రౌజరుని పిలిచేటప్పుడు దాని పేరు వెనక ఒక పొడుగాటి తోక తగిలించాలి. తోక లేకపోతే తెలుగు రాదు, ఇంగ్లీషు మాత్రం శుభ్రంగా వస్తుంది. అంటే పరీక్ష చేసినవాళ్లందరికీ శుభ్రంగానే వచ్చింది. పాత ఎక్స్ ప్రోగ్రాముల్ని వేలాండ్ మీద నడిపిస్తూ తెరని ఒకటింపావు, ఒకటిన్నర రెట్లకి పెంచితే అక్షరాలు అలుక్కుపోయేవి. ఇంగ్లీషు అక్షరం కాస్త అలుక్కుపోయినా చదవొచ్చు. తెలుగులో అక్షరం కిందున్న ఒత్తు అలుక్కుపోతే చదివేవాడు ఊహించుకోవాలి.

కథకి నడిబొడ్డు ఇదే. "ప్రపంచమంతా పరీక్షించింది" అనే మాటలోని ప్రపంచం ఇరవై ఆరు అక్షరాల ప్రపంచం. వాళ్లకొక వాక్యం ఉంది, చురుకైన నక్క బద్ధకపు కుక్క మీంచి దూకేది; అందులో ఉన్న అక్షరాలన్నీ తెర మీద కనిపిస్తే పరీక్ష నెగ్గినట్టే. తెలుగుకి ఆ లెక్క కుదరదు. ఇక్కడ హల్లు మీద హల్లు ఎక్కుతుంది, కింద ఒత్తు వేలాడుతుంది, పైన గుణింతం కూర్చుంటుంది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో అప్పలరాజు అని రాసి చూస్తే ఏ ఫాంటైనా పాసవుతుంది. మహాలక్ష్మి అని రాస్తే బండారం బయటపడుతుంది. మహాలక్ష్మి లేని శుభలేఖ ఈ జిల్లాల్లో ఎక్కడుంది?

ఇది పేదవాళ్ల ఉచిత సాఫ్ట్‌వేరు గోలేలే అని పెదవి విరిచేవాళ్లకి 2018 ఫిబ్రవరి గుర్తుచేయాలి. ఆపిల్ ఫోన్లూ మాక్‌లూ నడిచేది యూనిక్స్ సంతతి మీదే. మాక్‌కైతే యూనిక్స్ అని అధికారిక సర్టిఫికెట్టు కూడా ఉంది. డబ్బుకి లోటు లేదు, ఇంజనీర్లకి లోటు లేదు. ఆ ఫిబ్రవరిలో ఒకే ఒక్క తెలుగు అక్షరం వాటిని పడగొట్టింది. జ్ఞా. జ్ఞానంలో మొదటి అక్షరం! మామూలుగా రాసుకునే జ్ఞా ఏ పాపమూ ఎరగదు. దాని మధ్యలో కంటికి కనపడని ఒక విడదీత గుర్తు ఇరుక్కుంటే మాత్రం, ఆ అక్షరాన్ని తెర మీద గీయబోయిన ప్రోగ్రాము అక్కడికక్కడే కుప్పకూలేది. మెసేజిలో వస్తే మెసేజిల యాప్ తెరుచుకోదు. నోటిఫికేషనులో వస్తే ఫోనే బిక్కమొహం వేసేది. ఆకతాయిలు పండగ చేసుకున్నారు. అచ్చమైన తెలుగు అక్షరం ప్రపంచ వార్తల్లోకి ఎక్కిన సందర్భాలు తక్కువ. అందులో ఇదొకటి కావడం మన ప్రాప్తం.

ఫిబ్రవరి 19న ఫోన్లకి 11.2.6 అనే మరమ్మతు వెర్షను వచ్చింది. అసలు చమత్కారం వేరే ఉంది. అప్పటికి బీటాలో ఉన్న 11.3లో ఈ జబ్బు లేదు. పరీక్షకని ఇచ్చిన సరుకు గట్టిది, డబ్బిచ్చి కొనుక్కున్నవాడిది బోలుది. బీటా, అసలు అనే రెండు చీటీలు డబ్బాల మీద తారుమారైనా ఎవరూ కనిపెట్టలేని స్థితి.

"అయితే మీరు ఫిర్యాదు ఎందుకు చేయలేదు?" అని గిరీశం వారసులు అడుగుతారు. చేసి చూసినవాడికి తెలుస్తుంది. ఫారం ఇంగ్లీషులో ఉంటుంది. కెర్నెల్ వెర్షను ఎంత, కంపోజిటరు ఏది, గ్రాఫిక్ కార్డు డ్రైవరు ఏది, లాగ్ ఫైలు జతచేశావా, లోపం మళ్లీ రప్పించడానికి మెట్లు వరసగా రాశావా? ఇవన్నీ నింపి పంపిస్తే మొదటి జవాబు: మా దగ్గర రావడం లేదు. రెండో జవాబు: అది లోపం కాదు, ఉద్దేశపూర్వకంగా అలా చేశాం. మూడోది: మీరు కంపోజిటరువాళ్లని అడగండి. వాళ్లు టూల్‌కిట్టువాళ్లని చూపిస్తారు, వాళ్లు ఫాంటువాళ్లని, ఫాంటువాళ్లు మళ్లీ మొదటివాళ్లని. పట్టాదారు పాసుపుస్తకం కోసం టేబులు టేబులూ తిరిగిన రైతుకి ఈ దారి కొత్త కాదు. కాకపోతే అక్కడ కనీసం మనిషి మొహం కనపడుతుంది.

మనవాళ్లేమీ తులసిమొక్కలు కారు. 2020 అక్టోబరులో హాక్టోబర్‌ఫెస్ట్ అనే పండగలో టీషర్టు కోసం వేరేవాళ్ల ప్రాజెక్టుల్లో ఒక్కో మాట అటూ ఇటూ మార్చి, సహకారం అని పంపి, నిర్వాహకుల ప్రాణం తోడేసినవాళ్లలో భారతీయ విద్యార్థులు కొల్లలు. నిబంధనలు ఆ నెలలోనే మార్చాల్సి వచ్చింది. రాజాం నుంచి టెక్కలి దాకా ఇంజనీరింగు కాలేజీలకి కొదవ లేదు. ఆ పిల్లలు ఒక్క సాయంత్రం కూర్చుని క్ష్మి, స్త్రీ, ష్ట్రం, జ్ఞా అనే నాలుగింటిని కొత్త తెర మీద రాసి చూసి చెబితే, అది టీషర్టు కన్నా ఎక్కువ రోజులు మన్నుతుంది.

గ్నోమ్ డెస్క్‌టాప్ ఏడాదికి రెండుసార్లు వస్తుంది, మార్చిలో ఒకటి, సెప్టెంబరులో ఒకటి. శ్రీకాకుళం పక్కనే అరసవల్లిలో సూర్యకిరణాలు స్వామి పాదాలు తాకేదీ ఏడాదికి రెండుసార్లే, మార్చిలో, అక్టోబరులో. తెల్లవారుజాము నుంచి జనం బారులు తీరి ఉంటారు. మబ్బు పట్టిన రోజున కిరణాలు పడవు, ఆ మాటే చెప్పి పంపిస్తారు. "పడ్డాయి, మీ కళ్లే సరిగా లేవు" అని ఇంతవరకూ ఎవరూ అన్నట్టు లేదు.

ఈ నేల మీద అసలు సిసలు టెస్టరు ఒకాయన ఉండేవాడు. శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టాడు, పేరు గిడుగు రామమూర్తి. సవర భాష కోసం సవరలనే ఇంట్లో ఉంచుకుని, వాళ్ల నోట విని నేర్చుకున్నాడు. 1931లో వ్యాకరణం, 1938లో నిఘంటువు అచ్చులోకి వచ్చాయి. తెలుగులోనూ ఆయన గొడవంతా వాడుక గురించే. వాడేవాడి దగ్గరికి వెళ్లి కూర్చోవాలన్న సంగతి ఆయనకి ఏ మేనేజ్‌మెంటు కోర్సూ చెప్పలేదు. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29 తెలుగు భాషా దినోత్సవం. ఆ రోజు పెద్ద పెద్ద సంస్థలన్నీ తెలుగులో శుభాకాంక్షలు పెడతాయి, ఎక్కువగా బొమ్మల రూపంలో. బొమ్మలో పెడితే ఒత్తు జారదు కదా!

2025లో పాత వంతెన తీసేయడం కూడా మొదలైంది. మే నెలలో వచ్చిన రెడ్ హ్యాట్ 10లో ఎక్స్ సర్వరు లేదు. అక్టోబరులో వచ్చిన ఉబుంటు 25.10లో గ్నోమ్‌ని ఎక్స్ మీద నడుపుకునే దారి మూసేశారు. కొత్తది చాలావరకు కుదుటపడింది, ఒప్పుకోవాలి. జీతం లేకుండా రాత్రుళ్లు కూర్చుని దాన్ని కుదుట పరిచినవాళ్లకి దండం పెట్టాలి. దండం పెట్టక్కర్లేనిది 2012 నుంచీ సిద్ధం అంటూ వచ్చిన నోళ్లకి.

ఇక పెట్టిన ఫిర్యాదుల గతి. ఫెడోరా ఒక్కో వెర్షను దాదాపు 13 నెలలు బతుకుతుంది. ఆయుష్షు తీరగానే, ఆ వెర్షను మీద తేలకుండా మిగిలిన ఫిర్యాదులన్నిటినీ ఒక మర ఒక్కపెట్టున మూసేస్తుంది. లోపం పోయిందని కాదు, అది పుట్టిన ఇల్లు పోయిందని. కొత్త వెర్షనులోనూ ఉంటే మళ్లీ తెరవండి అని మర్యాదగా ఒక వాక్యం ఉంటుంది.

శ్రీకాకుళం ఏడురోడ్ల కూడలి చుట్టుపక్కల ఏ డీటీపీ షాపులోకి తొంగి చూసినా, 2001లో ఆఖరి వెర్షను వచ్చిన పేజ్‌మేకరు కనపడే అవకాశం ఉంది. పక్కన అను ఫాంట్లు, యూనికోడ్ వాసన తగలనివి. ఇంగ్లీషు అక్షరాల గళ్లలో తెలుగు ముక్కలు దాచుకుని, ఒత్తుకి ఒక మీట, కొమ్ముకి ఒక మీట నొక్కి పేర్చే పాత పద్ధతి. అలాంటి షాపులోకి లైనక్స్ సీడీ పట్టుకొచ్చిన కుర్రాడిని యజమాని కుర్చీ వేసి కూర్చోబెడతాడు, టీ కూడా చెప్తాడు. ఈలోగా గుమ్మంలో శుభలేఖల పార్టీ.

"ఏటి బాబూ, రేపు పొద్దుటికి కార్డులు ఇచ్చీగలవా?"

"ఇచ్చీగలను గానీ, పెళ్లికూతురి పేరేటి?"

"మాలచ్చిమి."

యజమాని కుర్రాడి వైపు ఒకసారి చూసి, పేజ్‌మేకరు తెరిచాడు.