కట్టాను మహాప్రభో!

ప్రతినెలా ఐదో తారీఖున నా ఖాతాలో ఈఎంఐ కోత పడుతుంది. పడిందని మెసేజూ వస్తుంది. అది చదివి కాఫీ గ్లాసు అందుకునేలోపు అప్పిచ్చిన సంస్థ నుంచి ఫోను.

"సార్, ఈ నెల కంతు రాలేదు."

వచ్చిందమ్మా, చూసుకో.

"మా సిస్టమ్‌లో అప్‌డేట్ కాలేదు సార్."

మా వీధి కొత్తిమీర బండి మీద పది రూపాయలు కొడితే స్పీకరు డబ్బా వీధంతా చాటుతుంది. ఆ సంస్థ వారి అన్నన్ని అంతస్తుల ఆఫీసుకు మాత్రం ఆ కబురు నడిచి చేరాలి. పెనాల్టీకి ఈ జబ్బు లేదు, గడువు దాటిన మర్నాడే టంచనుగా ఎక్కి కూర్చుంటుంది.

నా తప్పూ ఉంది. మార్చిలో మా ఆవిడ ఆపరేషన్‌కని ఒక్క కంతు ఎగ్గొట్టి, ఏప్రిల్లో బౌన్స్ ఛార్జీతో సహా కట్టేశాను. అప్పట్నుంచీ ఫోనుకో కొత్త గొంతు. హరిదాసైతే ఊరు మారాక కథ మళ్ళీ మొదలెడతాడు. నేను ఇదే కుర్చీలో రోజుకు నాలుగుసార్లు ఆపరేషన్ నుంచి ఎత్తుకుంటున్నాను.

వసూలు ఫోన్లు ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత చేయొద్దని 2022 ఆగస్టులో రిజర్వు బ్యాంకు చెప్పింది. వీళ్ళు దాన్ని ముహూర్తమనుకున్నారు. ఎనిమిది కొట్టగానే మోగుతుంది. మైక్రోఫైనాన్స్ అప్పులకైతే హద్దు 9 నుంచి 6. ఇంకాస్త పేదవాణ్ణై ఉంటే రోజుకు రెండు గంటలు కలిసొచ్చేవి!

బంధువుల జోలికి పోవద్దనీ ఆ రిజర్వు బ్యాంకు ఆదేశాల్లోనే ఉంది. అయినా మా బావమరిదికి ఫోన్ చేసి, "మీ బావగారు ఉన్నారా అండీ?" అని అడిగారట. పాపం, రాత్రికి రాత్రే బస్సెక్కి ఏడుపు మొహంతో దిగాడు.

అంబుడ్స్‌మన్‌కు రాద్దామంటే, ముందు ఆ సంస్థకే ఫిర్యాదు చేసి, జవాబు రాకపోతే 30 రోజులు ఆగాలి. నా లెక్కన అది 120 ఫోన్లు.

నిన్న పదకొండింటికి అదే సంస్థ నుంచి వేరే అమ్మాయి, తేనె గొంతు. "సార్, మీ చెల్లింపులు చాలా బాగున్నాయి. రెండు లక్షల లోను రెడీగా ఉంది."

ప్రాణం లేచొచ్చింది. "తల్లీ, ఆ మొదటి ముక్క మీ రికవరీ వాళ్ళకు ఒక్క ఫోన్ చేసి చెబుతావా?"

"వాళ్ళు ఎత్తరు సార్," అంది.