పాలసీసా పుణ్యం

అప్పు చేసి జూదమాడొద్దంటూ బ్రిటన్ 2020 ఏప్రిల్ 14న క్రెడిట్ కార్డులకు తాళం వేసింది.

గుర్రప్పందేలకు గీకకూడదు. ఆన్‌లైన్ కేసినోలో గీకకూడదు.

మరి, ఆన్‌లైన్‌లో కార్డు గీకి ఆడేవాళ్లలో 22 శాతం మందికి జూదం ముదిరిపోయిందని అక్కడి గ్యాంబ్లింగ్ కమిషనే లెక్క తేల్చింది.

భేష్! కాకపోతే, తలుపుకు తాళం వేసి కిటికీ తెరిచి ఉంచారు.

దుకాణంలో లాటరీ టికెట్ ఒక్కటే కొంటే క్రెడిట్ కార్డు చెల్లదు.
పక్కన పాలో, రొట్టో ఉంటే చెల్లుతుంది!

బుట్టలో పాలసీసా ఉందా, సంసారి.
లేదా, జూదరి.

రొట్టెను ఆనుకుని పడుకున్న టికెట్టు జూదం కిందికి రాదు, వెచ్చాల కిందికి వస్తుంది.

పాపం ధర్మరాజు! ఈ కిటుకు తెలియక రాజ్యం పోగొట్టుకున్నాడు. పాచికల పక్కన పావుకిలో కందిపప్పు పెట్టుకుని ఉంటే, ‘జూదమా? సరుకులకొచ్చాను మామా’ అనేవాడు.

నెలాఖరుకు బిల్లొస్తుంది. అందులో పాలెన్ని, ఆశెంత అన్నది విడదీసి రాయరు.

పాలు నాలుగు రోజుల్లో విరిగిపోతాయి.
వడ్డీ మాత్రం ఎన్నాళ్లయినా తాజాగానే ఉంటుంది!