కిరాయి దాతలకు జోహార్లు

సిద్దిపేటలో దానగుణం అడుగంటిందని ఎవరన్నా అంటే నమ్మకండి. కరీంనగర్ రోడ్డు నుంచి మెదక్ రోడ్డు దాకా, బ్యాంకు అప్పుతో కొని టులెట్ బోర్డు తగిలించిన ప్రతి ఇంటి వెనకా ఒక దాత ఉన్నాడు. తాను దాతనని ఆయనకు తెలియదు, అదొక్కటే లోటు. అడిగితే ‘పెట్టుబడి పెట్టిన’ అంటాడు. ‘నౌకరీ దిగినంక కిరాయిల మీద కూసోని తింట’ అంటాడు. పెళ్లి భోజనాల దగ్గర ఈ మాట విన్నవాళ్లంతా తలూపుతారే గాని కాగితం తీసి లెక్క కట్టినవాడు కనపడడు. మనం కడదాం.

ఇల్లు 50 లక్షలు అనుకుందాం. చేతి నుంచి 10 లక్షలు, మిగతా 40 లక్షలు ఎనిమిదిన్నర శాతం వడ్డీకి 20 ఏళ్ల అప్పు. నెల కిస్తీ దాదాపు 34,700 రూపాయలు. వడ్డీ ఏడున్నరకు దిగినా 32 వేలు తప్పవు. ఆ ఇంటికి 12 వేల కిరాయి వస్తుందనుకుంటే ఏడాదికి లక్షా 44 వేలు, అంటే పెట్టిన ధర మీద మూడు శాతం లోపే. ఇందులో సిద్దిపేటను చిన్నబుచ్చిందేమీ లేదు, మన పెద్ద నగరాల్లోనూ నివాసగృహాల రాబడి మామూలుగా రెండు నుంచి నాలుగు శాతం మధ్యే తచ్చాడుతుంది. ఇక కిస్తీకి, కిరాయికి మధ్య నెలకు 22,700 తేడా ఉంది. అది కట్టేది ఓనరే. అంటే 34,700 ఖరీదు చేసే కాపురాన్ని 12 వేలకే పరాయి కుటుంబానికి అప్పగించి, తక్కినది తన జీతంలోంచి బ్యాంకుకు సమర్పించుకుంటున్నాడు. ఇంటి పన్ను, గోడల రంగులు, ఎండాకాలంలో కాలిపోయే బోరు మోటరు, ఖాళీగా పడున్న నెలలు దీనికి అదనం. అసలు గడప దాటకముందే రిజిస్ట్రేషన్ ఉంది. 2021 జులై నుంచి మన రాష్ట్రంలో స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, ఫీజు కలిపి ఏడున్నర శాతం. 50 లక్షల మీద 3 లక్షల 75 వేలు, అంటే 31 నెలల కిరాయి ముందే చెల్లు. (కాగితంలో ధర తగ్గించి రాయిస్తే సరి అనే మేధావులున్నారు. దాన్ని పెట్టుబడి తెలివి అనరు, దానికి చట్టంలో వేరే పేరుంది.)

‘కిస్తీ పెరగదు, కిరాయి పెరుగుతది’ అన్నది మొదటి జవాబు. మంచిదే, ఏటా ఐదు శాతం చొప్పున తప్పకుండా పెంచాడనుకుందాం. ఇరవయ్యో ఏట కిరాయి 30 వేల చిల్లరకు చేరుతుంది. ఆఖరి కిస్తీ అప్పటికీ 34,700. అప్పు తీరేదాకా ఏ ఒక్క నెలా కిరాయి కిస్తీని అందుకోలేదు. ‘టాక్స్ కలిసొస్తది’ అన్నది రెండోది. ఆదాయపు పన్ను పాత పద్ధతిలో ఇంటి నష్టాన్ని జీతంలోంచి తీసేసుకోవడానికి ఏడాదికి 2 లక్షలే హద్దు. కొత్త పద్ధతిలో అదీ లేదు. ఉన్నా, 30 పైసల పన్ను మిగుల్చుకోవడానికి రూపాయి పోగొట్టుకోవడం ఏ ఆడిటరూ నేర్పిన విద్య కాదు.

అసలు బలమైన వాదన ఇవేవీ కావు. ‘ధర పెరుగుతది’ అన్నదే. ఒప్పుకుందాం. పదేళ్లకోసారి రెట్టింపైతే, అంటే ఏటా ఏడు శాతం చిల్లర పెరుగుతూ పోతే, అప్పు చేసి కొన్నవాడూ చివరికి లాభపడతాడు. కానీ ఆ లాభం తెచ్చింది భూమి. కిరాయిది అందులో చేతి ఖర్చుల వంతు. అలాంటప్పుడు ఇది కిరాయి రాబడి కాదు, గజం ధర మీద పందెం. పైగా కూర్చుని తినాలన్న మనిషికి ఆ లాభం ఇల్లు అమ్మితేనే గాని చేతికి రాదు. నెల ఖర్చుకు ఒక బెడ్‌రూం కోసి అమ్ముకోలేడు కదా. పందెమైనా ఏ ఆధారం మీద? 2016 అక్టోబర్‌లో సిద్దిపేట జిల్లా అయింది, 2018లో మెడికల్ కాలేజీ వచ్చింది, 2023లో ఐటీ టవర్, అదే ఏడు అక్టోబర్‌లో రైలు. ఇవన్నీ నిజమైన మార్పులే, గజం ధరను ఎగదోసినవే. అయితే ఊరు జిల్లా కేంద్రం అయ్యేది ఒక్కసారే. మొదటి రైలు వచ్చేదీ ఒక్కసారే. ఆ రైలు కూడా స్టేషనుకు రాకముందే ప్లాట్ల ధరల్లోకి ఎక్కి కూర్చుంది, టికెట్టు డబ్బులు అమ్మినవాడు తీసుకున్నాడు. ఇప్పుడు కొనేవాడు కొంటున్నది నిన్నటి శుభవార్త. రైలు కిరాయిదారుని తెస్తుందన్నవాళ్లు, పొద్దున దిగిన ఉద్యోగిని సాయంత్రం అదే రైలు ఇంటికి చేర్చగలదని మాత్రం చెప్పలేదు. ఊరి శివారు నర్సాపూర్ దగ్గర 2020లో ప్రారంభమైన డబుల్ బెడ్‌రూం కాలనీ సంగతీ ఎవరూ ఎత్తరు. సొంతిల్లు లేని కుటుంబాల కోసం సర్కారు అక్కడ రెండు వేలకు పైగా ఇళ్లు కట్టించింది. అది మంచి పని, అనుమానం లేదు. ఆ కుటుంబాలు వదిలిన పోర్షన్ల మాటేమిటన్నది దాతల లెక్కలో లేదు, అంతే.

అప్పు లేకుండా రొక్కం పెట్టి కొన్నవాడు నవ్వుకోనక్కర్లేదు. ఆ 50 లక్షలు ఆరున్నర శాతానికి బ్యాంకులో వేస్తే నెలకు 27 వేలు, మోటరు కాలదు. బ్యాంకులో వేసిన అసలు విలువ ఏటేటా కరిగిపోతుందనే మాట నిజమే, కానీ మళ్లీ మనం భూమి ధర దగ్గరికే వచ్చాం. ఒక్కరికి మాత్రం ఈ వ్యాసం వర్తించదు. తానుండే ఇంటి మీదే 15 లక్షలతో ఒక అంతస్తు వేసి 8 వేలకు కిరాయికిచ్చినవాడికి ఏడాదికి ఆరు శాతం పైనే గిడుతుంది. ఆయనకు భూమి కొనే పని లేదు మరి. తెలివైనవాడు, పెళ్లి భోజనాల దగ్గర ప్రసంగాలు కూడా చెయ్యడు.

మిగతా దాతలకు ఒక విన్నపం. బోర్డు మీద ‘బ్యాచిలర్లకు ఇవ్వబడదు’, ‘శాకాహారులకు మాత్రమే’ అని రాయడం, గేటు దగ్గరే కులం ఆరా తీయడం మానుకోండి. నెలనెలా 22,700 రూపాయలు మీ జేబులోంచి పుచ్చుకోవడానికి పాపం ఎవరో ఒకరు ముందుకొస్తున్నారు. వాళ్లు ఏం వండుకుంటారో అడక్కుండా తాళం చేతికివ్వండి.