కొసరు దొరికే ఊరు

సీజన్లో మామిడి రైతు ఊరు దాటడు. ఈసారి దాటాను. రేటు పడింది, కోత ఆపమన్నాడు దళారి. పిల్లలు వైజాగ్ అన్నారు. సముద్రమే కావాలంటే మంగినపూడి దగ్గర కదరా అన్నాను. "అక్కడ సముద్రం తప్ప ఏముంది నాన్నా?" అన్నారు. నిజమే, అది లోటే.

ఆర్కే బీచ్‌లో ఆ లోటు లేదు. బొమ్మలున్నాయి, బజ్జీలున్నాయి, గుర్రమెక్కి ఫొటో దిగే ఏర్పాటుంది. అన్నీ అయ్యాక ఓపికుంటే సముద్రం కూడా ఉంది. దిగితే ప్రమాదం, లోపలికి లాగేస్తుందని బోర్డులు పెట్టారు. అందుకని జనం దానికి వీపు తిప్పి నిలబడి ఫోను పైకెత్తుతున్నారు. అంత దూరం నుంచి వచ్చిన అలలన్నీ వీపులే చూసి వెనక్కి పోతున్నాయి.

మా బావమరిదికి అక్కడే ఉద్యోగం. "బావా, ఇసుక కూడా సముద్రం ఊరికే ఇచ్చింది కాదు. అది కోసుకుపోతుంటే పోర్టువాళ్లు తవ్వి తెచ్చి పోయిస్తుంటారు" అన్నాడు గర్వంగా. మేం తోటకి చెరువు మట్టి తోలించుకుంటే చూడ్డానికి ఒక్కడూ రాడు.

తర్వాత కురుసుర. 1969లో నౌకాదళంలో చేరి 31 ఏళ్లు నీళ్లలో నౌకరీ చేసి, 2001లో రిటైరైన జలాంతర్గామి. మరుసటేడు ఒడ్డుకెక్కించి మ్యూజియం చేశారు. ఆ ఇరుకులో మనుషులు నెలల తరబడి ఎలా ఉన్నారో తలుచుకుంటే నిజంగా దణ్ణం పెట్టాలనిపించింది. పెడదామంటే వెనకనున్నాయన "కదలండి మాస్టారూ" అన్నాడు. రోడ్డుకి అటు పక్కన టీయూ-142. జలాంతర్గాముల్ని వెతికి వేటాడే విమానం. 2017 నుంచి అదీ మ్యూజియమే. వేటగాడూ వేటా ఎదురుబొదురుగా కూర్చుని, ఎవరి టిక్కెట్టు వాళ్లు అమ్ముకుంటున్నారు. పింఛను చాలదు కాబోలు.

సాయంత్రం మా ఆవిడకి మామిడి ముక్కల మీద మనసైంది. తోటలో 70 చెట్ల కాయ వదిలేసి వచ్చిన మనిషి! ఉప్పూ కారం చల్లిన పొట్లం 20 రూపాయలు. కాయ చూస్తే కలెక్టర్ రకం. కలెక్టరాఫీసు కూతవేటు దూరంలో ఉన్న ఊళ్లో కలెక్టర్‌కి ఆమాత్రం విలువుండాలి. మా దళారి చెప్పిన రేటు టన్ను 9,000. కిలోకి మూడు తూగినా కాయకి మూడు రూపాయలు. ఇక్కడ ఒక్కో కాయ రెండు పొట్లాలవుతోంది. మూడు రూపాయల కలెక్టర్ బీచి రోడ్డు ఎక్కేసరికి నలభై. పైగా టన్నుకింత తరుగని దళారి ముందే కోసేస్తాడు.

"ఏ ఊరి కాయమ్మా?" అన్నాను.

"నూజివీడు బాబూ! మీకు తెల్దేటి?"

విజయనగరం కాయ కాదని నేను ప్రమాణం చేయలేను. కానీ మా నూజివీడు పేరు విని ఛాతీ కాస్త పొంగిన మాట నిజం. పొట్లం అందుకుంటూ మా ఆవిడ, "రెండు ముక్కలు కొసరెయ్యమ్మా" అంది. ఆమె మారుమాటాడకుండా మూడు ముక్కలు వేసింది.

ముప్పై ఏళ్లుగా కాయ అమ్ముతున్నాను. తరుగు తీసినవాళ్లే గానీ, కొసరేసిన మనిషిని చూడ్డం అదే మొదలు. ఇంకో పొట్లం కొన్నాను.