ముదీర్ సార్ రేటు

జుబైల్‌లోనో దమ్మాంలోనో చిన్న ట్రైనింగ్ సెంటర్ ఉంటుంది. లైసెన్సు సౌదీ యజమానిది, నెబోష్ అనే సేఫ్టీ కోర్సు పాఠాలూ ఫీజు లెక్కలూ మన తెలుగు ముదీర్ (మేనేజరు) సారువి. అగ్నిప్రమాదాల మీద గంటసేపు గుక్కతిప్పుకోకుండా చెప్పే మనిషి, "ఫీజెంత సార్?" అంటే నీళ్లు నములుతాడు. ముందు నోట్సు పేజీలు లెక్కపెడతాడు. పీడీఎఫ్‌కి కాగితం ఖర్చేమిటో ఆయనకే తెలియాలి. తర్వాత రియాళ్లను రూపాయల్లోకి మార్చి, "అమ్మో, మనూళ్లో ఇంతిస్తారా?" అని తనతో తనే బేరమాడి తగ్గించుకుంటాడు. కొనేవాడికంటే ముందు అమ్మేవాడే బేరానికి దిగడం రియాద్ బత్హా బజారంతా తిరిగినా కనిపించదు. చివరికి 99 రియాళ్లు. కరీంనగర్ వాడైతే 70. సొంత మండలం వాడైతే "నీ దగ్గరేం తీసుకుంటానురా!" తేడా తన కమీషన్లోంచే కట్టుకుంటాడు. రాత్రి నిద్ర పట్టనిది మాత్రం 15 శాతం వ్యాట్ గురించి. ఏడాది అమ్మకం 3,75,000 రియాళ్లు దాటితేనే రిజిస్ట్రేషన్ తప్పనిసరి. సారు బ్యాచిలో పద్నాలుగు మంది, అందులో ఐదుగురు మేనల్లుడి వరస.

ఇదంతా మంచితనం అంటారు. మంచితనం ఉంది, కానీ అసలు తప్పు లెక్కలో ఉంది. కందిపప్పుకి కొన్న ధర ఉంటుంది, దానిమీద లాభం వేసుకోవచ్చు. నోట్సుకి మొదటి ప్రతి పదేళ్ల సైటు అనుభవం మింగుతుంది, రెండో ప్రతి ఊరికే వస్తుంది. ఖర్చు పట్టుకుని ధర ఎలా కడతారు? కొనేవాడికి ఒరిగేదేమిటో చూడాలి. హెల్పరు సేఫ్టీ ఆఫీసరై నెలకు 800 రియాళ్లు ఎక్కువ తెచ్చుకున్నాడనుకోండి, ఏడాదికి 9,600. సారు అడగడానికి మొహమాటపడేది అందులో వందో వంతు. ఏజెంటు అప్పే తీరనివాడు ఎక్కణ్ణుంచి తెస్తాడంటారా, నిజమే; వాయిదాలున్నాయి కదా. పీడీఎఫ్ మర్నాటికి క్యాంపంతా ఫార్వర్డ్ అవుతుందంటారా, అదీ నిజమే. అందుకే దాన్ని ఉచితంగా వదిలెయ్యమనేది. పైగా 2020 నుంచి నెబోష్ రాతపరీక్ష పుస్తకం చూసి రాసేదే, నోట్సు విలువ ఇంకా పడిపోయింది. ఫార్వర్డ్ చెయ్యలేనిది ఒక్కటే: నమూనా జవాబు పక్కన పెట్టుకుని, ఇక్కడెందుకు మార్కు పోయిందో చెప్పే సారు. ఆయనేమో కాగితానికి రేటు కట్టి, తనను ఊరికే ఇచ్చేస్తాడు. పేజీకి ఇంతని డబ్బు తీసుకుని రాసే మాబోటివాళ్లకి ఆయన్ని చూసి నవ్వే హక్కు ఉందా అంటే, అదీ అనుమానమే.

శుక్రవారం రాత్రి కబ్సా పళ్లెం ముందు కూర్చుంటాడో లేదో, ఫోన్ మోగుతుంది. "సార్, చిన్న డౌటు." నలభై నిమిషాలు. అన్నం చల్లారిపోతుంది.