శాలువాలకే సరి!

మన పట్టణంలో సంగీత సభ పెడితే గిట్టుబాటవుతుందా అని పెద్దలంతా కూర్చుని లెక్కలు కట్టారట. ఆదాయం పద్దులో మొదట టికెట్లు రాశారు. "కచేరీకి టికెట్టేమిటండీ? శ్రీరామనవమి పందిట్లో ఊరికే వింటున్నాం కదా!" అన్నాడో రసికుడు. ఆ పద్దు కొట్టేశారు. 500 రూపాయల దాకా కచేరీ టికెట్‌పై జీఎస్టీ లేదు. కొనేవాడు కూడా లేడు కాబట్టి లెక్క సరిపోయింది.

ఇక ఖర్చులు. హాలు అద్దె, మైకు సెట్టు, గాత్రం, వయొలిన్, మృదంగం సంభావనలు, రానుపోను రైలు ఛార్జీలు. ఆపైన ఆరుగురు అతిథులకు ఆరు శాలువాలు, ఆరు జ్ఞాపికలు, ఆరు గజమాలలు. రాత్రి పదింటికల్లా సభ ముగించాలి. ప్రసంగాలు తొమ్మిదిన్నరకు గాని తెమలవు. మిగిలిన అరగంటలో ఒక వర్ణం, ఒక మంగళం!

లాభం కనబడింది ఒక్క క్యాంటీన్‌లోనే. మృదంగం తని ఆవర్తనం మొదలవగానే సగం హాలు కాఫీకి లేస్తుంది మరి. నష్టం తగ్గించే మార్గం చివరికి ఖాయమైంది: అతిథులను ఉంచి, గాయకుణ్ని తీసేయడం.

1928లో మొదలైన మద్రాసు మ్యూజిక్ అకాడమీ నేటికీ డిసెంబరు సీజన్‌కు టికెట్లు అమ్ముతోంది. అక్కడికి రైలెక్కి వెళ్లి డబ్బిచ్చి వినే రసికులారా, సొంతూళ్లో కూడా ఓ టికెట్ కొనండి. లాభమా నష్టమా అన్నది ఆ తర్వాత లెక్క చూద్దాం.